పైన నీరు పూరీ వైపు, కింద వల ఇచ్ఛాపురం వైపు. దేన్ని నమ్మాలి?

సోనాపూర్_చినబాబు
మా మావయ్యకి ఫైబర్ బోటు ఉంది. కాలేజీ లేనప్పుడు నేనూ ఎక్కుతాను. ఈ ఫాల్గుణంలో ఒక తలనొప్పి పట్టుకుంది. 40 బారల లోతులో అడుగు వల వేస్తున్నాం. జెండా కట్టిన బెండు పూరీ వైపు లాగుతుంది. ఇంజను ఆపితే బోటూ అటే పోతుంది. ఫోన్లో ఒక యాప్ ఉంది, అందులో బాణం గుర్తూ అటే. అందరూ ఒకే మాట మీద ఉన్నారు కదా అని తాడు లాగితే కాసేపు ఉత్తరం నుంచే వస్తుంది, తర్వాత నిలువుగా దిగుతుంది, ఆ తర్వాత బోటు అడుగున బర్రుమని ఒరుసుకుంటూ రెండో పక్కకి తిరుగుతుంది. వల పైకొచ్చేసరికి సీసం తాడు వెళ్ళి బెండ్ల తాడుకి చుట్టుకుపోయి ఉంటుంది. విప్పుకోవడానికే మధ్యాహ్నం అయిపోతోంది.

మావయ్యనడిగితే "పైనొక నీరు, కిందొక నీరు, మీ తాత నాటి నుంచీ ఇంతే" అని బీడీ వెలిగించుకుంటాడు. యాప్ వాళ్ళకి రాస్తే "మీ జీపీఎస్ సరిచూసుకోండి" అన్నారు. ఒకే చోట సముద్రం రెండు వైపులా ఎలా పారుతుంది? వలలు ఊరికే రావు, తెలిసినవాళ్ళు చెప్పండి.

నాగావళి_నారాయణ
మా రాయగడలో ఈ బాధ లేదు. నాగావళి పైనా కిందా ఒకే వైపు పారుతుంది, అదీ వానలు పడితేనే.

ఇచ్ఛాపురం_మాస్టారు
దీనికింత ఆశ్చర్యం దేనికి? పోటు, ఆటు. ఆరు గంటల చిల్లరకి ఒకసారి నీరు దిశ మార్చుకుంటుంది. నువ్వు వల వేసినప్పుడు ఒకటి, తీసినప్పుడు ఒకటి. టైము రాసుకుంటే అదే తేలుతుంది.

గోపాల్‌పూర్_ఎర్రయ్య
ఏటి మాస్టారూ, పోటాటులు మాకు తెలీవా? నిద్దట్లో లేపి అడిగినా సెప్తాం. ఈ కిందనీరు ఆరు గంటలకి పోయేది కాదు. దినాలకి దినాలు ఉండిపోతాది. మాగంలో పైనీరు పూరీ పక్క లాగడం మొదలెడతాది, కార్తీకానికి సెన్నపట్నం పక్క లాగతాది. కిందనీరు దాని మాటినదు. ఇంకోటి సెప్పేదా? కిందనీరు ముందు తిరుగుతాది, పైనీరు ఎనకాల తిరుగుతాది. మా అయ్య కిందనీరు సూసే పైనీటి సంగతి సెప్పేవోడు.

(నా మనవడు టైపు సేత్తన్నాడు, తప్పులుంటే ఆడివి.)

బరంపురం_భాను
ఎర్రయ్య తాత ఆఖరున అన్న ముక్క దగ్గర కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. దానికి మళ్ళీ వస్తా.

మాస్టారూ, పోటు నీటిని పైనుంచి అడుగు దాకా దాదాపు ఒకే జోరుతో కదుపుతుంది. అడుగున రాపిడి వల్ల కాస్త నెమ్మది, తిరగడం కాస్త ముందు, అంతే తేడా. రోజుల తరబడి రెండు పొరలు ఎదురెదురుగా పారాలంటే కారణం వేరే ఉండాలి.

మన ఒడ్డు వెంబడి పారే దాన్ని భారత తూర్పు తీర ప్రవాహం అంటారు. ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి, మార్చి, ఏప్రిల్‌లో మంచి ఊపు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి, నవంబరులో ఊపు. తాత చెప్పిన మాఘం, కార్తీకం లెక్క అక్షరాలా ఇదే. జోరు మీదున్నప్పుడు సెకనుకి ఒక మీటరు, అంటే సుమారు 2 నాట్లు. అయితే ఈ జోరంతా పై పొరదే, 100, 200 మీటర్లు దాటాక బాగా పడిపోతుంది. చాలాసార్లు దాని కింద ఎదురు దిశలో ఇంకో ప్రవాహం నడుస్తుంటుంది.

ఇది ఊహ కాదు, కొలిచారు. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్ళు కడలూరు, కాకినాడ, విశాఖపట్నం, గోపాల్‌పూర్ ఎదురుగా, సముద్రపు అడుగు ఒక్కసారిగా లోతుకి జారే వాలు మీద ఏడీసీపీ యంత్రాలు లంగరేసి ఉంచారు. అది నీట్లోకి శబ్దం వదులుతుంది. నీళ్ళలో తేలే సన్నని నలుసులకి తగిలి ఆ శబ్దం తిరిగొస్తుంది. నలుసు ఎటు పోతుంటే శబ్దం స్థాయి అటు మారుతుంది. రైలు కూత దగ్గరికొస్తే ఒక రకంగా, దూరమైతే ఒక రకంగా వినిపించే సూత్రమే. తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి లోతు తెలుస్తుంది. అలా ఒకే తాడు మీద ఏ లోతున నీరు ఎటు పోతోందో ఏడాది పొడుగునా రాసిపెడుతుంది.

ఇప్పుడు తాత మాట. ఆ కొలతల్లో కనబడిన ముఖ్యమైన సంగతుల్లో ఒకటి: మార్పు లోతులో ముందు మొదలై, పైకి ఆలస్యంగా వస్తుంది.

గోపాల్‌పూర్_ఎర్రయ్య
మరదే. మాకు జీతాలియ్యలేదు గానీ ఈ ఉజ్జోగం ఎప్పటి నుంచో సేత్తన్నాం.

నాగావళి_నారాయణ
తాతా, పాత బాకీ వడ్డీతో సహా అడుగు.

ఛత్రపురం_చీఫ్
మర్చంట్ నేవీలో ఇంజనీర్‌ని, ఇప్పుడు సెలవులో ఇంట్లో ఉన్నాను. చినబాబూ, నీ వల చూసిందే ఒకాయన పసిఫిక్‌లో చూసి పేరు తెచ్చుకున్నాడు. 1952లో టౌన్‌సెండ్ క్రామ్‌వెల్ అని అమెరికా శాస్త్రవేత్త. భూమధ్యరేఖ దగ్గర ట్యూనా కోసం పొడవాటి గాలాల తాళ్ళు లోతుకి దించి పరీక్షలు చేస్తున్నారు. పైన నీరు పడమటికి పారుతోంది, తాళ్ళు మాత్రం తూర్పుకి పోతున్నాయి. తాడు చిక్కుపడిందని వదిలెయ్యకుండా వెంటపడితే కింద మహా ప్రవాహం ఒకటి బయటపడింది. నడిమధ్య 100 మీటర్ల లోతు దగ్గర పైనీటికంటే జోరుగా, తూర్పుకి. దానికి ఆయన పేరే పెట్టారు. మీ మావయ్యకి చెప్పు.

ఇచ్ఛాపురం_మాస్టారు
అలాంటిదే అట్లాంటిక్‌లో బుకానన్ అనే ఆయన 1886లోనే చూశాడు. అందరూ మర్చిపోయారు. అది వేరే సంగతి. చీఫ్ గారూ, అది భూమధ్యరేఖ, భూభ్రమణ బలం సున్నా అయ్యే చోటు. మనం 19 డిగ్రీల దగ్గర ఉన్నాం. ఆ ఉదాహరణ తెచ్చి ఇక్కడ అతికించకూడదు. పోటు వద్దంటే ఎక్మన్ అనే శాస్త్రవేత్త లెక్క చాలు. గాలి పైనీటిని తోస్తుంది, ఆ నీరు కింది పొరని లాగుతుంది, ఒక్కో పొరా కొంచెం కొంచెం కుడికి తిరుగుతూ పోతుంది. తిరిగి తిరిగి ఒక లోతున పైదానికి సరిగ్గా ఎదురు దిశ వచ్చేస్తుంది. చినబాబు ప్రశ్నకి జవాబు అయిపోయింది.

సోనాపూర్_చినబాబు
అయిపోయిందా? నాకింకా మొదలవలేదు మాస్టారూ. కుడికే ఎందుకు?

ఇచ్ఛాపురం_మాస్టారు
భూమి తిరుగుతోంది కాబట్టి. ఉత్తరార్ధగోళంలో కదిలే ప్రతిదీ కుడికి ఒరుగుతుంది. 1893లో నార్వే అన్వేషకుడు నాన్సెన్ ఫ్రామ్ అనే ఓడని ఆర్కిటిక్ మంచులో కావాలనే ఇరికించాడు, ఆ ఓడ 1896 దాకా మంచుతోపాటు కొట్టుకుపోయింది. మంచు గాలి పోయిన వైపు పోవట్లేదు, 20 నుంచి 40 డిగ్రీలు కుడికి తప్పుతోంది. ఎందుకో లెక్క కట్టినవాడు ఎక్మన్, 1905లో. ఆయన లెక్కలో పైనీరు గాలికి 45 డిగ్రీలు కుడికి పోతుంది.

బరంపురం_భాను
లెక్క సరే, రెండో సగం కూడా చెప్పండి మాస్టారూ. సరిగ్గా ఎదురు దిశ వచ్చే లోతుకి చేరేసరికి ఆ నీటి వేగం పైదాంట్లో 23వ వంతు మిగులుతుంది. పైన ఒక నాటు పారితే కింద ఆ ఎదురు నీరు చీమ నడక. సీసం కట్టిన వలని అది ఈడుస్తుందా?

ఎక్మన్ పనికొచ్చేది వేరే చోట. అన్ని పొరల్నీ కలిపి కూడితే నీరు మొత్తంగా గాలికి 90 డిగ్రీలు కుడికి జరుగుతుంది. మన ఒడ్డు నైరుతి నుంచి ఈశాన్యానికి వాలి ఉంటుంది. ఒడ్డు వెంట నైరుతి గాలి వీస్తే కుడి అంటే నడిసముద్రం. పైనీరు లోపలికి పోతుంది, ఆ ఖాళీలోకి అడుగు నుంచి చల్లనీరు ఒడ్డు వైపు ఎక్కి వస్తుంది. అక్కడే మీకు పైనొక దిశ, కిందొక దిశ.

గుణుపూర్_గీత
సముద్రం చూసింది రెండు మూడు సార్లే, అదీ గోపాల్‌పూర్ బీచ్‌లో జీడిపప్పు కొనుక్కోడానికి. ఒక తెలివితక్కువ ప్రశ్న. సుడులు అంటారు కదా, సముద్రంలో పడవల్ని మింగేవి. వాటి వల్ల వలలు చుట్టుకోవడం లేదు కదా?

నాగావళి_నారాయణ
గీతమ్మా, పడవ మింగితే చినబాబు ఇక్కడ పోస్టు ఎలా పెడతాడు?

బరంపురం_భాను
గీతా, ప్రశ్న మంచిదే. సముద్రంలో పెద్ద సుడులున్నాయి, కానీ సినిమాలో చూపించే గరాటు కాదు. అడ్డంగా 100, 200 కిలోమీటర్లుంటాయి. ఒక అంచు గోపాల్‌పూర్ దగ్గరుంటే ఇంకో అంచు కళింగపట్నం దాకా. లోపల ఉన్నవాడికి తిరుగుతున్నామనే తెలీదు, ఒక చుట్టు తిరగడానికే రోజులు పడుతుంది. అవి రోజుకి కొద్ది కిలోమీటర్ల చొప్పున పడమటికి, అంటే మన వైపే, జరుగుతూ వస్తాయి.

రెండు రకాలు. ఎడమకి తిరిగే దాని నడిమి భాగం చల్లన, నీటిమట్టం కాస్త గుంటగా ఉంటుంది, కింది చల్లనీరు పైకి ఉబికి ఉంటుంది. కుడికి తిరిగేది వెచ్చన, నీటిమట్టం గుట్టగా ఉంటుంది, వెచ్చని పొర లోతు దాకా దిగబడి ఉంటుంది. గుట్ట అంటే ఏదో అనుకునేరు, వంద కిలోమీటర్ల మీద 10, 20 సెంటీమీటర్ల ఎత్తు. 1992 నుంచి టోపెక్స్ లాంటి ఉపగ్రహాలు, 2013లో మన ఇస్రో, ఫ్రాన్సు వాళ్ళు కలిసి పంపిన సరళ్ ఆ ఎత్తుపల్లాలే కొలుస్తూ వచ్చాయి.

గుణుపూర్_గీత
మరి అది అడుగు దాకా అలాగే తిరుగుతుందా? కుండలో కవ్వం తిప్పితే పైనా కిందా కలిసే తిరుగుతాయి కదా మజ్జిగ.

బరంపురం_భాను
కుండలో కవ్వం అడుగు దాకా ఉంటుంది, మజ్జిగ అంతా ఒకే బరువు. సముద్రంలో ఆ రెండూ లేవు. వెచ్చని సుడినే తీసుకో. మట్టం గుట్టగా ఉంది కాబట్టి నడుమ బరువు ఎక్కువై నీరు బయటికి పోవాలని చూస్తుంది, భూభ్రమణం దాన్ని కుడికి లాగుతుంది, రెండూ సరితూగి గుండ్రంగా తిరుగుతుంది. కానీ అదే గుట్ట కింద వెచ్చని నీరు, అంటే తేలిక నీరు, పక్కవాటి కన్నా లోతు దాకా ఉంది. లోతుకి పోయినకొద్దీ ఈ తేలికదనం పైనున్న ఆ పదీ ఇరవై సెంటీమీటర్ల బరువుని కొట్టేస్తూ వస్తుంది. ఒక లోతున తేడా దాదాపు సున్నా, తోసేది లేదు, తిరగడమూ తగ్గిపోతుంది. బంగాళాఖాతంలో సుడుల జోరు ఎక్కువగా పై 200, 300 మీటర్లలోనే ఉంటుంది. ఈ కొట్టివేత సున్నా దగ్గర ఆగకుండా ఇంకా సాగితే దిశ తిరగబడుతుంది కూడా.

తీర ప్రవాహానికీ ఇదే సూత్రం. మార్చిలో నీరు ఉత్తరానికి పారేటప్పుడు ఒడ్డు పక్కన మట్టం తగ్గి ఉంటుంది, చల్లనీరు ఒడ్డు వైపు పైకెక్కి ఉంటుంది. చల్లనీరు బరువు కదా, మట్టం తక్కువైన లోటుని కింద పూడుస్తుంది. అందుకే పైన జోరు, కింద నీరసం, ఇంకా కింద ఎదురు. నవంబరులో అన్నీ తలకిందులు: ఒడ్డు పక్కన మట్టం ఎక్కువ, వెచ్చని పొర మందం.

ఛత్రపురం_చీఫ్
ఇన్నేళ్ళుగా ఇంజను రూంలో సముద్రపు నీరు లోపలికి తీసుకునే చోట వేడి రాస్తున్నాను. ఈ వైపు నుంచి ఎప్పుడూ ఆలోచించలేదు. మా ఓడ అడుగు నీట్లో 10, 12 మీటర్లు మునిగి ఉంటుంది. అంటే మాకు తెలిసేది పై పొరే.

అన్ని సుడులూ పైనే గట్టిగా ఉంటాయా?

బరంపురం_భాను
లేదు చీఫ్ గారూ. పైన ఏమీ కనబడకుండా నడుమలో తిరిగేవీ ఉన్నాయి. మధ్యధరా సముద్రం నుంచి జిబ్రాల్టర్ దాటి బయటికొచ్చే ఉప్పటి నీరు అట్లాంటిక్‌లో కిలోమీటరు లోతుకి దిగి, బిళ్ళలా విడిపోయి, ఏళ్ళ తరబడి తిరుగుతూ పోతుంది. మెడ్డీలంటారు. బంగాళాఖాతంలోనూ ఇలా లోపల దాగినవి దొరికాయి. ఉపగ్రహానికి ఇవి సరిగ్గా చిక్కవు.

రంభ_రాజు
చిలికాలో ఇదంతా మాకు ప్రతి ఏడూ కనబడుతుంది. ముఖద్వారం దగ్గర పైన మంచినీరు బయటికి, కింద ఉప్పునీరు లోపలికి. పీతల బుట్ట దించితే తెలుస్తుంది. దీనికి ఉపగ్రహం దేనికి?

బరంపురం_భాను
రాజూ, నువ్వన్న మంచినీరే చినబాబు ప్రశ్నలో ఇంకో పాత్రధారి. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, ఇరావతి నీళ్ళన్నీ పోసే చోటు ఇది. బంగాళాఖాతం పైన తేలిక నీటి పొర మూతలా పడి ఉంటుంది. గాలి ఎంత తోసినా ఆ పొర వరకే జారుతుంది, కింద ఉప్పునీటిని పట్టించుకోదు. వానల తర్వాత ఆ నీరు ఒడ్డుని అంటుకుని సుమారు 100 కిలోమీటర్ల వెడల్పున దక్షిణానికి పోతుంది, తమిళనాడు కొస దాకా చేరడానికి రెండున్నర నెలలు పడుతుంది. 2014లో దీని మీద వచ్చిన పేపరు 'సముద్రంలో నది' అంది. దాని కోసం నీళ్ళు సీసాల్లో పట్టి ఇచ్చింది ఎవరనుకున్నారు? జాలర్లే, ఐదు రోజులకోసారి.

గోపాల్‌పూర్_ఎర్రయ్య
మమ్మల్ని అడగనేదు. అడిగితే మేమూ ఇచ్చేవోళ్ళం. సీసా ఖాళీ అవ్వాలి గానీ.

నాగావళి_నారాయణ
తాత దగ్గర సీసాలకి కరువా!

నిర్వాహకుడు
సీసాల ముచ్చట ఇక చాలు. విషయం మీద ఉండండి.

సోనాపూర్_చినబాబు
భాను అక్కా, ఒక అడ్డంకి. మీరు చెప్పిన యంత్రాలు వాలు మీద, వందల మీటర్ల లోతులో. మాది 40 బారలు, అంటే 70 మీటర్ల చిల్లర. ఆ ఎదురు ప్రవాహం 100 మీటర్ల కింద అంటున్నారు. మా అడుగుకి అదెలా వస్తుంది?

ఇచ్ఛాపురం_మాస్టారు
అదీ ప్రశ్న. దీనికి జవాబు కావాలి.

బరంపురం_భాను
సరైన చోట పట్టుకున్నావు. వాలు మీద కొలిచింది తెచ్చి నీ వల దగ్గర అలాగే పెట్టకూడదు. తక్కువ లోతులో నాలుగు సంగతులు కలుస్తాయి: తీర ప్రవాహపు లోపలి అంచు, గాలి, మంచినీటి పొర, వాలు దగ్గరికి వచ్చి ఒడ్డుని రాసుకునే సుడి. ఏ వారం ఏది గెలుస్తుందో దాన్ని బట్టి ఎదురు నీరు 20 బారల దగ్గరే మొదలవచ్చు, అసలు లేకపోవచ్చు. సుడి చుట్టూ నీరు తిరుగుతుంది కాబట్టి ఒక అంచున ఉత్తరానికి పారితే, అది జరిగాక అదే చోట దక్షిణానికి పారుతుంది.

ఇంకోటి ఉంది, చాలా దూరం నుంచి వస్తుంది. భూమధ్యరేఖ దగ్గర గాలి మారితే ఆ కదలిక అలగా సుమత్రాకి కొట్టుకుని, అక్కడి నుంచి ఒడ్డు పట్టుకుని మయన్మార్, బంగ్లాదేశ్ చుట్టి మన దాకా వస్తుంది. కెల్విన్ అలలంటారు, ఒడ్డుని ఎప్పుడూ కుడి చేతి వైపు పెట్టుకుని నడుస్తాయి. మన దగ్గర గాలి చుక్క లేకపోయినా నీరు దిశ మార్చుకోవడానికి ఇదొక కారణం.

గుణుపూర్_గీత
సుమత్రాలో గాలి మారితే సోనాపూర్‌లో వల చుట్టుకుంటుందా! మా అత్తగారికి తెలిస్తే నా మీద పెట్టేస్తారు.

రంభ_రాజు
మరి తుఫాను సంగతి? 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, మా ఇంటి కప్పు వెళ్ళి కొబ్బరి తోటలో పడింది. 2018లో తిత్లీ పలాస పక్కన. వెచ్చని సుడి మీదుగా వస్తే తుఫాను ముదురుతుందని టీవీలో విన్నాను. పైనీరు ఎక్కడైనా వెచ్చగానే ఉంటుంది కదా అక్టోబరులో, సుడి కొత్తగా ఏం చేస్తుంది?

బరంపురం_భాను
పైనీరు చెయ్యి పెడితే అంతటా ఒకేలా ఉంటుంది. తుఫానుకి కావాల్సింది 26 డిగ్రీలు దాటిన నీరు ఎంత మందం ఉందన్నది. తుఫాను వెళ్తూ నీటిని చిలుకుతుంది. వెచ్చని పొర పల్చనైతే కింది చల్లనీరు పైకొచ్చి దాని ఊపు దాన్నే తగ్గిస్తుంది. వెచ్చని సుడి మీద ఎంత చిలికినా వెచ్చని నీరే వస్తుంది. మంచినీటి మూత కూడా కిందిది కలవకుండా అడ్డుపడుతుంది. అందుకే లోతులో వేడి తెలియాలి. ఆర్గో అని తేలుడు యంత్రాలున్నాయి, ప్రపంచమంతటా నాలుగు వేల దాకా. వెయ్యి మీటర్ల లోతున కొట్టుకుపోతూ ఉండి, పది రోజులకోసారి రెండు వేల మీటర్లకి దిగి, అక్కడి నుంచి పైకొస్తూ వేడి, ఉప్పు కొలిచి ఉపగ్రహానికి చెప్పి మళ్ళీ మునుగుతాయి. మన వైపు లెక్కలు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం చూస్తుంది.

నాగావళి_నారాయణ
సముద్రం ఆఫీసు హైదరాబాదులోనా? మా రాయగడకీ ఒకటి ఇప్పించండి.

గోపాల్‌పూర్_ఎర్రయ్య
ఆ ఇన్‌కాయిస్ వోళ్ళే సేపలెక్కడున్నాయో సెప్తారు, బోర్డు మీద రాత్తారు. కవ్వళ్ళు, కానాగంతలు కొన్నిసార్లు దొరుకుతాయి. కొన్నిసార్లు డీజిలు దండగ.

బరంపురం_భాను
తాతా, ఆ సూచన ఉపగ్రహం చూసిన పైనీటి వేడి, పచ్చదనం మీద నడుస్తుంది. చల్లని సుడి లోపల ఎరువులాంటి నీరు పైకి ఉబుకుతుంది, నాచు పెరుగుతుంది, చేప వస్తుంది. కానీ మన దగ్గర మంచినీటి మూత వల్ల ఆ ఉబుకు పైదాకా రాకుండా నడుమలోనే ఆగిపోవడం ఎక్కువ. పచ్చదనమంతా నలభై, యాభై మీటర్ల కింద ఉంటే ఉపగ్రహం కంటికి ఆనదు. లేదని కాదు, కనబడలేదని.

ఛత్రపురం_చీఫ్
చినబాబు యాప్ బాణం కూడా ఆ జాతిదే. మన గోపాల్‌పూర్ ఒడ్డున ప్రవాహాలు కొలిచే హెచ్‌ఎఫ్ రాడార్ ఉంది, పూరీలో దాని జత. రెండూ కలిసి చాలా దూరం దాకా చూస్తాయి, కానీ పై రెండు మూడు మీటర్ల నీటినే. బాణం తప్పు కాదు, అది చెప్పేది బెండు గురించి. సీసం గురించి కాదు.

ఒక పని చెయ్యి. టార్పాలిన్ రెండు ముక్కలు ప్లస్ గుర్తులా కర్రలకి బిగించు, కింద బరువు కట్టు, సన్నని నైలాన్ తాడు మీద దించు, పైన చిన్న బెండు. తాడు లావైతే పైనీరు దాన్నే లాగేస్తుంది, జాగ్రత్త. ఒకటి 5 బారలకి, ఒకటి 20కి, ఒకటి 35కి. మూడూ ఒకే చోట వదిలి, ఏ బెండు ఎటు పోతుందో జీపీఎస్‌లో గుర్తుపెట్టుకో. పూర్వం ఇదే పద్ధతి.

ఇచ్ఛాపురం_మాస్టారు
పోటు మీద ఒకసారి, ఆటు మీద ఒకసారి చూడమనండి. రెండింటిలోనూ ఒకే ఫలితం వస్తేనే నేను ఒప్పుకుంటాను.

బరంపురం_భాను
ఇది మాత్రం న్యాయమైన షరతు.

ఇంకో మాట. లోతు నీరు కదలదని పెద్ద పెద్దవాళ్ళే అనుకునేవారు. 1955లో జాన్ స్వాలో అనే ఇంగ్లీషాయన కావలసిన లోతున ఆగి తేలే గొట్టం తయారుచేశాడు, అందులోంచి టిక్ టిక్ మని శబ్దం వచ్చేది, ఓడ మీంచి వింటూ వెంటపడాలి. 1959, 60ల్లో బెర్ముడా దగ్గర కిలోమీటర్ల లోతుకి వదిలితే మెల్లగా ఒకే వైపు పోతాయనుకున్నవి అనుకున్నదానికి పది రెట్ల వేగంతో తలో దిక్కూ పోయాయి. ఓడ అందుకోలేకపోయింది. లోతులోనూ సుడులున్నాయని అప్పుడు తెలిసింది.

సోనాపూర్_చినబాబు
చేశాం. మావయ్య మొదట "పిల్లాటలు" అన్నాడు గానీ టార్పాలిన్ తనే కోశాడు.

5 బారలది పూరీ వైపు చక్కా పోయింది. 20 బారలది అక్కడక్కడే తచ్చాడింది, కాస్త నడిసముద్రం వైపు జరిగింది. 35 బారలది ఇచ్ఛాపురం వైపు. పోటులోనూ ఆటులోనూ చూశాం, వేగాలు మారాయి గానీ అడుగుది దిశ మారలేదు. పైకి లాగినప్పుడు 35 బారల దానికి కట్టిన గొలుసు చల్లగా ఉంది, మావయ్య చెంపకి ఆనించుకుని చూసి నా చెంపకీ ఆనించాడు. టార్పాలిన్ మడతల్లో సన్నని రొయ్య పిల్లలు అంటుకుని ఉన్నాయి, 5 బారల దానికి ఒక్కటీ లేదు.

ఇప్పుడు వల దించేటప్పుడు బెండు తాడు పొడవు పెంచి, వల వరసని ఒడ్డుకి అడ్డంగా కాకుండా నీటి వాలుకి పొడుగ్గా వేస్తున్నాం. చుట్టుకోవడం తగ్గింది.

గోపాల్‌పూర్_ఎర్రయ్య
అడుగునీరు సూసి వల పరవాల. బాణం సూసి కాదు. మీ మావ ఇంటిపేరేటి? మావోడే అయ్యుంటాడు.

ఇచ్ఛాపురం_మాస్టారు
రెండు పూటలూ చూశాడు కాబట్టి లెక్కలోకి తీసుకుంటాను. కానీ ఒకే చోట, ఒకే వారం. దీంతో తీర్మానం చెయ్యను.

ఛత్రపురం_చీఫ్
బాగుంది. ఒక సవరణ. 35 బారల తాడు వదిలితే 35 బారల లోతు అనుకోకు. తాడు ఒరుగుతుంది కదా. నిలువు నుంచి 30 డిగ్రీలు ఒరిగితే లోతు 30 బారలే. కోణం రాసుకో.

సోనాపూర్_చినబాబు
కోణం కొలిచేది బోటు మీద ఏముంటుంది చీఫ్ గారూ?

ఇచ్ఛాపురం_మాస్టారు
బల్ల మీద గీసే పెద్ద చెక్క కోణమాని నా దగ్గర ఉంది, రిటైరైనప్పుడు ఇంటికి తెచ్చుకున్నాను. ఆదివారం వచ్చి తీసుకెళ్ళు. ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం, ఆలోపు కానిచ్చెయ్యి.

గోపాల్‌పూర్_ఎర్రయ్య
కోణమాని ఒక్కటే ఎందుకు, మాస్టార్నీ ఎక్కించుకుపో.

ఇచ్ఛాపురం_మాస్టారు
నాకు బల్లకట్టు ఎక్కితేనే వాంతులు. కోణమాని వస్తుంది.